ఆముదం తాగిన గ్లవ్

వెర్రిబీ ఊళ్ళో నాన్న ఇంటి గ్యారేజీని నేను ఖాళీ చేస్తూ, పెయింటు డబ్బాల వెనకున్న గుడ్డసంచి మూతి విప్పేసరికి ఆముదం వాసన గుప్పుమంది. చూడకుండానే తెలిసింది, అది నా సాఫ్ట్‌బాల్ గ్లవ్ అని. నాన్న పోయి నాలుగు నెలలైనా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు, కోసిన గడ్డి వాసనా పుప్పొడి తుమ్ములూ కలిసి ఇంట్లోకి జొరబడే, ఈ దేశంలో వసంతమైన అక్టోబరులో, వంటింట్లో అమ్మ దసరా గారెలు వేస్తుండగా, నాన్న నన్ను తీసుకెళ్ళి దాన్ని కొనిపెట్టారు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌ని కావాలని నా కోరిక. అక్కడికి బంతి నేలబారుగా దూసుకొస్తుంది, పట్టిన మరుక్షణం తీసి విసరాలి, అందుకే గ్లవ్ చిన్నదిగా, బంతి పడే అరచేతి గుంట లోతు తక్కువగా ఉండాలని కోచ్ చెప్పింది. ఎదిగే పిల్లనంటూ గౌన్లూ బూట్లూ ఎప్పుడూ రెండు సైజులు పెద్దవి కొనే నాన్న, ఆ ఒక్కసారి మాత్రం షాపులో ఉన్నవన్నీ నా చేతికి తొడిగించి, సరిగ్గా సరిపోయేదే ఏరారు.

కొత్త తోలు అట్టలా బిరుసుగా ఉంది. రోజూ కొద్దిగా క్రీము రాసి, గుంటలో బంతి పెట్టి కట్టి ఉంచమంది కోచ్. నాన్నకి మాత్రం, వాళ్ళ నాన్న కొత్త కిర్రుచెప్పులకి ఆముదం పట్టించి ఎండలో పెట్టడం గుర్తొచ్చింది.

"తోలు సంగతి నాకు తెల్దేంటమ్మా? ఈ క్రీము ఏ మూలకొస్తది?" అని ఇండియన్ షాపు నుంచి తెచ్చిన ఆముదం సీసా మొత్తం దాని మీద వంపేశారు. తోలు వస్తువని అమ్మ దేవుడి గదిలోకి రానివ్వకపోతే, గడప బయటే దానికి కుంకుమ బొట్టు పెట్టి ఆయుధపూజ కూడా చేశారు.

సెలక్షన్ శనివారానికి అది తడిసిన గోనెసంచిలా వేలాడింది. మూడు బంతులు జారిపోయాయి, నాలుగోది పట్టాను గానీ నూనె చేతికంటి ఎటో విసిరాను. నన్ను దూరంగా అవుట్‌ఫీల్డ్‌కి పంపేశారు. కంచె పక్కన మడతకుర్చీలో, ఒళ్ళో పులిహోర డబ్బాతో కూర్చున్న నాన్న, ఏం జరిగిందో తెలియక లేచి చప్పట్లు కొట్టారు. టీమంతా వింటుండగా గ్లవ్ ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టి, "యూ రూయిన్ ఎవ్రీథింగ్! డోంట్ కమ్ ఎగైన్!" అని అరిచాను.

"సరేనమ్మా" అన్నారు.

నిజంగానే మళ్ళీ గ్రౌండ్‌లోకి రాలేదు. ఆ తర్వాత నేను టీమ్ గ్లవ్‌తో ఆడిన మూడేళ్ళూ, ప్రతి శనివారం నన్ను దించి, అద్దాలెత్తుకుని కారులోనే కూర్చున్నారు. ఎండకి కారు ఎంత కాలిపోయేదో తెలిసి కూడా, నేను వెనక్కి చూడకుండా గ్రౌండ్‌లోకి నడిచేదాన్ని.

ఇప్పుడు చూస్తే గ్లవ్‌కి తెగిన తోలుతాడు మార్చి ఉంది. గుంటలో బంతి పెట్టి నా పాత జడరిబ్బనుతో కట్టి ఉంది. సంచి అడుగున సగమైపోయిన క్రీము డబ్బా, మూత మీద నాన్న రాత: "కొంచెమే రాయాలి." ఆ క్రీము ఎన్నేళ్ళు పూశారో, ఎవరి కోసం పూశారో. తోలు ఇప్పుడు షార్ట్‌స్టాప్‌కి ఎలా ఉండాలో అలాగే ఉంది. తొడుక్కోబోతే మూడు వేళ్ళే దూరాయి.

ఆ గ్రౌండ్ ఉన్నచోట ఇళ్ళు లేచాయి. ఆ కారు ఎప్పుడో తుక్కుకి పోయింది. "కమ్, నాన్నా" అని ఒక్క శనివారం అద్దం మీద తట్టి ఉంటే దిగి వచ్చేవారు.