చింతపండుతో తోమిన రోమన్ నాణేలు

పదవీ విరమణకు ముందు ఏడాది వేసవిలో నేను డాలస్‌లోని ఒక వేలం సంస్థలో, ప్రాచీన నాణేల విభాగానికి సీనియర్ కేటలాగర్‌ని. నాణేన్ని తూచి, భూతద్దం కింద చూసి, అసలుదో నకిలీదో తేల్చి, దాని స్థితి రాసి సంతకం పెట్టాలి. రోజంతా చక్రవర్తుల ముఖాలే తప్ప మనిషి ముఖం కనపడని ఉద్యోగం.

ఒకరోజు పక్క ఊరు ఫ్రిస్కో నుంచి రత్నకుమారి గారు వచ్చారు. మా తెలుగు చర్చిలో ముఖపరిచయం. రోమన్ కంచు నాణేలు ఏళ్ల తరబడి సేకరించిన ఆమె భర్త ప్రకాశరావు గారు ఆ చలికాలమే పోయారు. పిల్లలు లేరు. మా నివేదిక బాగుంటే ఆయన పేరుతో ఒక అద్దాల బీరువా పెడతామని ఒక మ్యూజియమ్ వాళ్లు అన్నారు. ఆయన పేరు ఎక్కడో ఒకచోట నిలవాలన్నదే ఆమె కోరిక.

ఆమె తెచ్చిన ట్రే మూత తీయగానే నాకు ప్రాణం ఉసూరుమంది. నాణేలన్నీ పండక్కి తోమిన చెంబుల్లా మెరుస్తున్నాయి.

“చింతపండు, ఉప్పు పెట్టి నేనే రుద్దానండీ అన్నయ్యగారూ. అంతా చిలుమెక్కిపోయింది. మాసినవి డిస్‌ప్లే చేస్తే ఆయనకి పరువుతక్కువ కాదూ?” అన్నారు.

ఆ పచ్చటి చిలుమే పదహారు శతాబ్దాలుగా నాణేన్ని కాపాడిన పొర. బొమ్మల సన్నగీతలు అందులోనే ఉంటాయి, పులుపు తగిలితే దానితోపాటే పోతాయి. రోమ్ పుట్టుకకు గుర్తుగా తోడేలు దగ్గర పాలు తాగే కవలలు రెండు బుడిపెలయ్యారు. మంచిరోజులు తిరిగొచ్చాయని చాటడానికి గోళం మీద నిలబెట్టిన ఫీనిక్స్ ఏ పిట్టో తెలీకుండా పోయింది. క్రీస్తు పేరులోని రెండు గ్రీకు అక్షరాలున్న నాణెం మరీ అరిగింది. ప్రభువు గుర్తు కదా అని దాన్ని ఎక్కువసేపు రుద్దారట.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ చిలుము మళ్లీ పట్టించలేమా అని అడిగారు. రంగు పూసి నమ్మించేవాళ్లు ఉన్నారనీ, మా వృత్తిలో దాన్ని మోసం అంటారనీ అన్నాను.

ఆమె ఒక నాణేన్ని అరచేతిలో పెట్టుకున్నారు. “రోజూ డిన్నర్ అయ్యాక వీటిని నిమురుతూ కూర్చునేవారండీ. ఆ చేతి జిడ్డు కూడా నేనే కడిగేశాను.”

ఆమెకు డ్రైవింగ్ రాదు, నేనే ఇంటి దగ్గర దింపాను. నేనూ ఒంటరివాణ్ణే, ఆమె లోపలికెళ్లి లైటు వేసేదాకా కారులోనే ఉన్నాను. మర్నాడు నివేదికలో ‘కఠినంగా శుభ్రం చేసినవి’ అని రాసి సంతకం పెట్టాను. మ్యూజియమ్ వద్దంది.

పోయినవారి మీద ప్రేమ ఎక్కువున్న ఇళ్లలోనే నాణేలు ఎక్కువ పాడవుతాయని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అలాంటి ఇళ్ల నుంచి ఎవరు ఫోన్ చేసినా, పరామర్శ కంటే ముందు “వాటిని కడక్కండి” అనేవాణ్ణి. కొందరు నొచ్చుకునేవారు. నొచ్చుకోనిచ్చాను.