ఊడిన అంచు

ఆమెను పిల్లలు డబ్బా టీచర్ అనేవారు. వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్లు పన్నెండింటిని అంచులుగా అతికించి చేసిన ఘనం ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. ట్యూషన్లతో విసిగిపోయి, ఈసారి ఎలాగైనా కాలేజీలో ఉద్యోగం సంపాదించాలని పట్టుబట్టింది. అందుకు ప్రిన్సిపాల్ ఎదుట పాఠం చెప్పి మెప్పించాలి.

పాత ఘనం పిల్లల చేతుల్లో నలిగిపోయింది. ముందురోజు సోల్డరింగ్ ఐరన్‌తో కొత్తది అతికిస్తుంటే, సెల్‌ఫోన్లు బాగుచేసే భర్త పక్కనే నిలబడ్డాడు.

"అతుకు ఇంకాస్త కాలనివ్వు. పైపైన అంటుకుంది."

"మీ ఫోన్లు మీరు చూసుకోండి" అంది.

క్లాసులో బోర్డు మీద ఘనం గీసింది. "కరెంటు ఈ మూల దిగి, ఎదురు మూల బయటపడుతుంది. దిగగానే మూడు దారులు. మూడూ అచ్చం ఒకేలాంటివి, కాబట్టి సమానంగా చీలుతుంది. ఆ దారుల చివర వోల్టేజి ఒకటే. అందుకే ఆ మూడు మూలల్నీ కలిపేసినా తేడా రాదు." అవతలివైపూ అలాగే కలిపి, మూడు, ఆరు, మూడు అంచుల గుంపులుగా లెక్క తేల్చింది: ఎనిమిది వందల ముప్పై మూడు ఓమ్‌లు.

మీటరు పెట్టింది. పదకొండు వందలు చూపించింది.

"మీటరుకి లెక్కలు రావేమో మేడమ్" అన్నాడు వెనక బెంచీవాడు. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశాడు.

ఆమెకు లెక్క మీద అనుమానం రాలేదు.

"మీటరుకి వచ్చు. నాకే అతకడం రాలేదు. ఎక్కడో తేలుద్దాం" అని మిగిలిన ఎదురెదురు మూలల జంటలూ కొలిచింది. ఒకటి పదకొండు వందలు, రెండు తొమ్మిది వందలు.

"ఘనం బాగుంటే నాలుగూ ఒకటే రావాలి. ఊడిన అంచు కరెంటు దిగేచోటో, బయటపడేచోటో ఉంటే దెబ్బ ఎక్కువ. నడుమ ఉంటే తక్కువ. అంటే, ఎక్కువ చూపిన రెండు జంటల మూలల్ని కలిపే అంచే దొంగ. అలాంటివి రెండే."

ఒకదాన్ని లాగింది. గట్టిగా ఉంది. రెండోది వేలికి ఊగింది. దాన్ని అదిమిపట్టి, వెనక బెంచీవాణ్ణి పిలిచి మీటరు పెట్టించింది.

"ఎనిమిది వందల ముప్పై రెండు. ఒకటి తగ్గింది మేడమ్."

"ఆ ఒక్కటీ నువ్వే ఉంచుకో."

క్లాసయ్యాక ప్రిన్సిపాల్ ఆమెను ఆపాడు. "కావాలనే వదులుగా ఉంచారా?"

"లేదండీ. మా ఆయన మాట వినలేదు."

ఆయన నవ్వాడు. "సోమవారం వచ్చి చేరండి. ఆ అంచు మాత్రం అతికించకండి."

ఇంట్లో భర్త సోల్డరింగ్ ఐరన్ వేడి చేసుకుని కూర్చున్నాడు. "ఊడిందా? ఇటివ్వు."

"ఊడింది. ముట్టుకున్నారంటే ఊరుకోను" అని ఆమె పాత ఘనాన్ని అతని ముందుకు తోసింది. "దీన్ని బాగుచేయండి. సోమవారానికి రెండూ కావాలి."