నాయనమ్మ ముసుగు తీసిన రోజు

నా చిన్నప్పుడు మేం రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న గార్డు. బొబ్బిలి నుంచి వచ్చిన మా నాయనమ్మ మాతోనే ఉండేది. ఆవిడ మొహం నిండా మశూచి మచ్చలు. ఒక కన్ను కూడా ఆ జబ్బుకే పోయింది. అందుకే గుమ్మం దాటితే అక్కడి ఆడవాళ్ళలాగే కొంగు మొహం మీదికి లాక్కునేది. కాలనీలో చాలామంది ఆవిడ మొహం సరిగ్గా చూసి ఎరగరు.

ఒక వేసవిలో ఊళ్ళోనే మోవా వైపు ఎవరికో అమ్మవారు పోసిందని తెలిసింది. వెంటనే టీకాలు వేసే ఆయన సైకిలు మీద వచ్చాడు. ఆయన్ని చూడగానే మా వరసలో తలుపులన్నీ మూసుకున్నాయి. సూది పొడిస్తే అమ్మవారికి కోపం వస్తుందని భయం. పక్కింటి భాభీ అయితే చంటివాణ్ణి ఒళ్ళో దాచుకుని వంటింట్లో కూర్చుంది. ఆయన అందరినీ బతిమాలి బతిమాలి, చివరికి పెట్టె సర్దుకోబోయాడు.

అప్పుడు నాయనమ్మ నన్ను బయటికి తీసుకొచ్చి, "ముందు దీనికి వెయ్యి నాయనా" అంది. నేను ఏడుస్తున్నా చెయ్యి వదల్లేదు. టీకా అయ్యాక నన్ను వెంటబెట్టుకుని పెరటిదారిన తిన్నగా భాభీ వంటింట్లోకి వెళ్ళి, ముసుగు తీసేసింది.

"నా మొహం చూడమ్మా," అంది వచ్చీరాని హిందీలో. "నాకు టీకా వేయించినవాళ్ళు లేరు. నా పెద్దపిల్లకీ నాతోపాటే పోసింది. అది బతకలేదు. అమ్మవారికి నేనూ దణ్ణం పెడతాను. బిడ్డని కాచుకోవలసింది మాత్రం మనమే."

నాన్నకి ఒక అక్క ఉండేదని నాకు తెలిసింది అప్పుడే.

భాభీ ఆవిడ మొహంకేసి చూసింది. "బుఖార్ వస్తే, దాయీ?" అని అడిగింది. దాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"రావచ్చు. వస్తే తగ్గేదాకా నీ దగ్గరే కూచుంటాను."

భాభీ బిడ్డనెత్తుకుని బయటికొచ్చింది. ఆమెని చూసి ఒక్కో తలుపూ తెరుచుకుంది. పిల్లాడికి జ్వరం రానే వచ్చింది. నాయనమ్మ అన్నమాట ప్రకారం తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. ఆ వేసవిలో మా వరసలో ఏ బిడ్డకీ మశూచి సోకలేదు. టీకాల మర్నాటినుంచి కాలనీ అంతా ఆవిడని దాయీ అనే పిలిచింది.

పెద్దయ్యాక నేను పోలియో చుక్కల పనిమీద అదే ఊళ్ళో శంకర్ నగర్ చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగాను. వద్దన్న తల్లిని ఎప్పుడూ కసరలేదు. పక్కన కూర్చుని, భయమేమిటో అడిగేదాన్ని. ఇంత ఓపిక ఎక్కడిదని తోటివాళ్ళు అడిగితే, మా నాయనమ్మదని తలెత్తుకుని చెప్పేదాన్ని. ఇప్పటికీ అలాగే చెబుతాను.