శంకరప్ప డేరాల భోంగా లతీఫ్

తాండూరుకు అప్పట్ల రెండు కూతలు. ఒకటి రైలు కూత, ఇంకోటి లతీఫ్ కూత. రైలు కూతకు ఊరికి పోయేటోళ్లే ఉరికేది. లతీఫ్ కూతకు ఊరు ఊరంత ఉరికేది. పొయ్యి మీద పప్పు మాడనీ, ఉయ్యాలల పిల్ల ఏడ్వనీ, ఆడోళ్లు గడప దాటి వచ్చి నిలబడాల్సిందే. గసుంటి గొంతు మల్ల ఈ దిక్కు పుట్టలేదు, పుట్టదు గూడ.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు లతీఫ్ స్టేషన్ల హమాలీ. కందుల బస్తాలు, నాపరాళ్లు రైలు డబ్బాలకు ఎక్కించేటోడు. మరుసటేడు శంకరప్ప సినిమా మిషిన్ పెట్టెలు ఆ స్టేషన్లనే దిగినయ్. శంకరప్ప కన్నడపాయన. నొసట విభూతి, నెత్తిన రుమాలు, ముక్కు మీద కోపం. డేరా టాకీస్ పెట్టి ఆరు నెలలు తాండూరుల, ఆరు నెలలు వికారాబాదుల బొమ్మలాడిస్తనని వచ్చిండు. పెట్టెలు దించేకాడ లతీఫ్ జరుగుండ్రి అని ఒక్క కేక ఏసిండు. ప్లాట్‌ఫారం మీద మనుషులేంది, అవతల కట్టేసిన ఎడ్లు గూడ జరిగినయ్. శంకరప్ప ఆయనను కిందికెళ్లి మీది దాక చూసి, "మూటలు మోసుడు బంద్ పెట్టు. ఇగ నా బొమ్మల పేర్లు మొయ్యి," అన్నడు. గంతే, లతీఫ్ కిస్మత్ తిరిగింది.

చేతికి రేకు భోంగా వచ్చింది. ఒక కొస నోరంత, ఇంకో కొస గంపంత. ఎక్కనీకి బీరన్న ఎడ్లబండి వచ్చింది. బండికి రెండు దిక్కుల తడికెలు, తడికెలకు సినిమా పోస్టర్లు, నడుమ పచ్చకోటు తొడుక్కొని లతీఫ్. కర్ణాటక దిక్కు ఊర్లల్ల కన్నడం, మసీదు గల్లీలల్ల దక్కనీ, మిగిలినకాడ మన తెలుగు. ఏ బాసల కూసినా అది ఆయన ఇంటి బాస లెక్కనే ఉండేది. జనం పేరుకు ముందు భోంగా తగిలించి భోంగా లతీఫ్‌ను చేసిండ్రు.

అయితె ఇండ్ల ఒక తమాష ఉన్నది. బొమ్మ రీళ్ల పెట్టె పొద్దుగాల రైలుకు దిగేది. పగటీలికల్లా లతీఫ్ ఊర్లు తిరుగుతుండాలె. మరి బొమ్మ చూసేదెప్పుడు, కత తెలిసేదెట్ల? అందుకని పోస్టర్ చూసి కతను తనే అల్లేటోడు. ఒకపారి పోస్టర్ మూలకు గుర్రం కనవడ్డది. ఆ గుర్రానికి తల్లిని పెట్టిండు, తల్లికి కష్టాలు పెట్టిండు, గుర్రానికి పగ పెట్టిండు. ఊరూరు ఏడ్పిచ్చుకుంట పోయిండు. తీర డేరాల చూస్తె గుర్రం ఒక్కపారి వచ్చి, గడ్డి మేసి పోయింది. ఎవ్వరన్న తిట్టిండ్రా? తిట్టలేదు. లతీఫ్ కతనే మంచిగుండె, ఆ బొమ్మ తీసినోళ్లకే తెలివి లేదని నవ్వుకుంట ఇండ్లకు పోయిండ్రు.

లతీఫ్ పెండ్లాం జహీరాబీ. నోట్ల నాలుక లేని మనిషంటరు చూడు, ఆమెనే. గోడలకు పోస్టర్లు అంటించే పిండి లై పొద్దుగాల్నే ఉడికించుడు ఆమె పని. ఆ పొయ్యి ముందల కూసొని లతీఫ్ ఆ దినం కత అల్లి వినిపించేటోడు. పొల్ల బావిల దుంకింది అని ఆయనంటె, గప్పుడే దుంకితె టికెట్ ఎవరు కొంటరు, బావి ఒడ్డున నిలబెట్టి ఇడిసిపెట్టు అని ఆమె మెల్లగ అనేది. గా మాట భోంగల పడి వాడవాడ తిరిగేది. సగం కూత జహీరాబీదని ఎవ్వరికెరుక?

లతీఫ్ పెట్టిన ఆనవాయితీ ఒకటి డేరాల నడిచేది. బొమ్మలల్ల ఆడేటోళ్లు, పాడేటోళ్లు, రేడియోల మాట్లాడేటోళ్లు ఎవ్వరన్న పోయిండ్రని పేపర్ల వస్తె, ఆ దినం ఆటకు ముందు గ్రామఫోన్ బంద్ చేపిచ్చి, తెర ముందల నిలబడి వాళ్ల బతుకు చెప్పేటోడు. ఏడ పుట్టిండ్రు, ఎట్ల కష్టపడ్డరు, ఎట్ల పెద్దగైండ్రు. తెలిసింది సగం, అల్లింది సగం. రేడియో నాటకాలల్ల ముసలాయన లెక్క మాట్లాడే ఒకాయన పోతె, ఆయన మొకం ఎట్లుంటదో ఎవ్వరికి తెల్వకున్నా డేరా డేరా ముక్కులు చీదింది. ఆఖర్ల లేసి నిలబడుండ్రి అంటె నేల టికెట్, బెంచీ టికెట్, కుర్చీ టికెట్ అని లేకుంట అందరు లేసేది. మనల్ని నవ్వించినోడు పోతె మనం లేసి నిలబడకుంటె ఎట్ల అనేటోడు లతీఫ్.

గట్ల పన్నెండేండ్లు నడిచింది. అరవై ఒకటిల దగ్గు పట్టుకున్నది. అనంతగిరి దవాఖానల చేర్పిచ్చిండ్రు. చెట్ల గాలి మంచిదన్నరు, మందులిచ్చిండ్రు, అందరు మంచిగనే చూసుకున్నరు. లతీఫ్ దక్కలేదు. ఆ దినం గూడ డేరాల రెండాటలు ఆడినయ్. తెర ముందల నిలబడి ఆయన పేరు ఎవ్వరు ఎత్తలేదు. తర్వాత జీపుకు మైకు కట్టిండ్రు, ఆ జీపే ఊర్లు తిరిగింది. జహీరాబీకి మొగడు పోయిన దుఃఖం ఒకటైతె, ఎవరెవరికోసమో లేసిన డేరా ఆయనకోసం లెవ్వలేదన్న దుఃఖం ఇంకోటి. రెండోదే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఏడాది తిరిగి లతీఫ్ పోయిన దినం, బర్సీ, దగ్గరికొచ్చింది. డేరా అప్పుడు వికారాబాదుల ఉండె. జహీరాబీ రైలెక్కి పోయి శంకరప్ప ముందల నిలబడ్డది. మొకమెరుగనోళ్లకు డేరాను నిలబెట్టిన మనిషికి, ఒక్కపారి డేరా నిలబడాలె, అంతకన్న ఎక్కువ ఏం అడగనన్నది. శంకరప్ప పరేషాన్ అయ్యిండు. వాళ్లంటె దేశం ఎరిగిన నటులు, లతీఫ్ బండి మీద కూసినోడు. ఇయ్యాల లతీఫ్‌కు చేస్తె రేపు గేటోనికి, ఎల్లుండి బండెద్దుకు చెయ్యాలె అన్నడు. జహీరాబీ నిలబడ్డకాడికెళ్లి కదలలేదు. ఆయన నెత్తి గోక్కున్నడు. "బేస్తారం పాత పెట్టె పోతది, కొత్త పెట్టె రాదు. బొమ్మ లేని దినం. డేరా ఖాళీగుంటది, వచ్చి ఈగలకు చెప్పుకో," అన్నడు.

ఆయన వెటకారానికన్నడు. ఆమె వరమనుకున్నది.

ఈగలకెందుకు చెప్తది? మందిని తేవాలె. తాండూరుకు తిరిగొచ్చి బీరన్నను పట్టుకున్నది. జీపు దిగినకాడికెళ్లి బీరన్నకు బాడుగలు లేవు, లతీఫ్ పేరు చెప్పంగనే వదినె, పా అని ఎడ్లు కట్టిండు. పాత భోంగా తుడిచిండ్రు. తడికెకు అంటియ్యనీకి పోస్టర్ లేదు. జహీరాబీ ఇంత సేపు ఆలోచన చేసి మొగని పచ్చకోటు తెచ్చి తడికెకు కట్టింది. వికారాబాద్ గల్లీల బండి ఆగింది. భోంగా నోటి కాడికి ఎత్తింది. మా ఇంటాయన బర్సీ ఉన్నది, రాండ్రి అనాలె. గా మాట భోంగల ఎట్లంటరో ఆమెకు తెల్వదు. పన్నెండేండ్లు పొయ్యి ముందల విన్నది ఒక్క తీరే. నోరు తెరువంగనే ఆ తీరే వచ్చింది.

"అమ్మలారా, అయ్యలారా! బేస్తారం, దీపాలు పెట్టే యాళ్లకు, శంకరప్ప డేరాల, భోంగా లతీఫ్! మూటలు మోసినోడు, మూడు బాసల్ల మురిపిచ్చినోడు! నవ్వులున్నయ్, ఏడ్పులున్నయ్, పెండ్లాంతోని కొట్లాటలున్నయ్! ఆఖరికి ఏమైండు? డేరాకొచ్చి చూసుకోండ్రి!"

గల్లీ గల్లీ బయటికొచ్చింది. ఆడమనిషి భోంగా పట్టి కూసుడు ఎవరన్న చూసిండ్రా? చాయ్ హోటల్ల కూసున్న పోరలు గ్లాసులు ఆడనే పెట్టి ఉరికొచ్చిండ్రు. మన లతీఫ్ మీదనే కొత్త బొమ్మ తీసిండ్రంటరా, హీరో మొకం చూపెడ్తలేరు, ఒట్టి కోటే చూపెడ్తుండ్రు, లోపట ఏదో మతలబున్నది అని గుసగుస. ఒకామె వచ్చి పాటలున్నయా అని అడిగితె, జహీరాబీ ఖుషీగ, ఉన్నయ్, మస్తు పాడేటోడు అన్నది. పాపం, వాళ్లడిగేది ఏందో ఆమెకు తెల్వదు, ఆమె చెప్పేది ఏందో వాళ్లకు తెల్వదు. ఎడ్లు ఉరుకుతున్నయ్, గొంతు తెరుచుకున్నది, ఇన్నేండ్లు ఏడ దాసిండో దేవుడు ఆ గొంతును! మర్పల్లి తొవ్వల ఊర్లు, కోట్‌పల్లి దిక్కు ఊర్లు, రెండు దినాలు తిరిగిండ్రు.

బేస్తారం పొద్దు గూకుతుంటె శంకరప్ప డేరా బయట కాళ్లు చాపుకొని కూసున్నడు. ముందుగాల దుమ్ము కనవడ్డది, దాని ఎనుక బండ్లు, బండ్ల ఎనుక నడిచేటోళ్లు. ఇంత మంది ఏనాడు రాలేదు. టికెట్ల కిటికీ బంద్ ఉన్నదని కొందరు రేకు కొట్టవట్టిరి, కొందరు గేటు నూకి లోపటికి పోయి తెర దిక్కు మొకం పెట్టి కూసున్నరు. శంకరప్ప రుమాలు జారింది. బొమ్మ లేదంటె డేరా చింపి పేలికలు చేస్తరు. జహీరాబీ కాడికి ఉరికిండు. ఏం చెప్పినవమ్మా ఊర్లల్ల అని అడిగిండు.

అప్పుడు తెలిసిందామెకు. మంది బొమ్మ అనుకొని వచ్చిండ్రు. డేరా చినిగితె కుట్టుకోవచ్చు. గని లతీఫ్ పేరు జనాన్ని మోసం చేసిన పేరై ఊర్లల్ల తిరిగితె, దాన్ని ఎవరు కుడ్తరు? ఎనుక దిక్కుకెళ్లి స్టేషన్‌కు పొమ్మన్నడు శంకరప్ప. ఆమె ముందలికే నడిచింది. తెర ముందల నిలబడి భోంగా ఎత్తింది.

"బొమ్మ లేదు. లతీఫ్ మా ఇంటాయన. పోయి ఏడాదైంది. ఆయన బతుకు చెప్తనని పిలిచిన, మీరు బొమ్మనుకున్నరు. ఆయనను ఏమనకుండ్రి, తప్పు నాది," అన్నది.

గుంపుల గుర్రుమన్నది. ఎనుక ఎవడో డేరా గుంజను తన్నిండు. కోట్‌పల్లికెళ్లి నడిచి వచ్చినమని ఒకడు లేసిండు. ఇగ అయిపోయింది అనుకున్నడు శంకరప్ప. గప్పుడు ఆడోళ్ల దిక్కుకెళ్లి చంద్రవ్వ అనే ముసలామె, కట్టె పొడుచుకుంట లేసి నిలబడ్డది.

"కూసోండ్రిరా. లతీఫ్ చెప్పిన కత ఏనాడన్న తెర మీద చూసిండ్రా? గుర్రం కత చూసిండ్రా? ఆయన నోటెంటనే కదా మనం వచ్చింది. ఇయ్యాల ఆయన పెండ్లాం నోటెంట వచ్చినం. చెప్పు బిడ్డ," అన్నది.

గుర్రం మాట ఇనంగనే నేల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు బెంచీలకెక్కింది. గుంజ తన్నినోడు గూడ నవ్వుకుంట కూసున్నడు. జహీరాబీ మొదలుపెట్టింది. ఎడ్లు జరిగిన కేక, పచ్చకోటు కొన్న దినం ఆయన తొడుక్కొనే పండుకున్నది, తాండూరు వానల డేరా ఎగిరిపోతుంటె తాడు పట్టుకొని యాలాడుకుంట ఆయన కత ఆపనిది, అన్ని చెప్పింది. అల్లే పనే పడలేదు. ఆమె ఆగినకాడ జనం అందుకున్నరు. మా ఊర్ల గిట్లన్నడని ఒకరు, మా అవ్వను గిట్ల నవ్విచ్చిండని ఒకరు. అనంతగిరి ముచ్చట వచ్చింది. ఆఖరి దినాలల్ల గొంతు పోయింది, పెదవులు కదిపేటోడు, నేను చూసి అర్థం చేసుకునేదాన్ని అని చెప్పింది. తర్వాత లేసి నిలబడుండ్రి అన్నది.

లేసిండ్రు. నేల లేసింది, బెంచీ లేసింది, కుర్చీ లేసింది. శంకరప్ప రుమాలు తీసి చేతుల పట్టుకొని తల వంచిండు. ఇగ అయిపోయింది, మంచిగ పోయి రాండ్రి అని జహీరాబీ భోంగా కింద పెట్టింది. ఒక్కరు గేటు దిక్కు తిరగలేదు.

నేల నడుమకెళ్లి ఒక ఈల లేసింది. ఎనుకంగనే ఒక గొంతు, "వన్స్ మోర్!"

బొమ్మల మంచి పాట వచ్చినప్పుడు నేలోళ్లు అరిచే అరుపు అది. గట్ల అరిస్తె ఆపరేటర్ రీలు ఎనుకకు చుట్టి మల్ల ఆడియ్యాల్సిందే, లేకుంటె ఊకోరు. ఒక గొంతు పది గొంతులైంది, డేరా డేరా గదే కూత. జహీరాబీకి ఏడుపొస్తున్నదో నవ్వొస్తున్నదో తెల్వలేదు. ఏడాది సంది ఆమె అల్లాను అడిగింది గూడ గా ఒక్క మాటనే.

శంకరప్ప వంగి కింద పెట్టిన భోంగాను రెండు చేతులతోని ఎత్తి ఆమెకిచ్చిండు. "మొదటికెళ్లి చెప్పమ్మా," అన్నడు.

"తాండూరు స్టేషన్ల ఒక హమాలీ ఉండె," అని జహీరాబీ అందుకున్నది.