అనంతగిరి మలుపుల్లో ఎర్ర బండి

కరోనా తగ్గి రోడ్లు మళ్లీ నిండిన ఏడాది, వర్షాకాలం మొదట్లో, బోయిన్‌పల్లిలోని ఒక వర్క్‌షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. అంతకుముందు చాలాకాలం బస్సులు తయారుచేసే చోట బ్రేకుల విభాగంలో పనిచేశాను. మా యజమాని శామ్యూల్ గారు పాత స్పోర్ట్స్ కార్లు కొని, పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, లాభానికి అమ్మేవారు. కొనడం ఆయన పని, బాగుచేయడం హెడ్ మెకానిక్ యాదగిరి పని, పరీక్షించడం నా పని. నా సంతకం పడనిదే బండి గేటు దాటకూడదన్నది నియమం.

ఆ చలికాలంలో రెండు సీట్ల ఎర్ర బండి ఒకటి తయారైంది. ఊళ్లోనూ హైవే మీదా తిప్పి, వేగంలో ఆపి చూసి, సంతకం పెట్టాను. పద్మారావు నగర్‌లో పళ్ల డాక్టరు ప్రసన్న గారు దాన్ని కొనుక్కున్నారు.

కొన్నాళ్లకు, ఒక శనివారం పొద్దున, దానితోపాటే బిగించిన నీలం బండిని చివరి పరీక్షకు తీశాను. యార్డులోనే రెండు మూడుసార్లు బ్రేకు తొక్కేసరికి చక్రాలు పట్టేసి వదల్లేదు. యాదగిరి మాస్టర్ సిలిండర్ విప్పాడు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే చిన్న పంపు అది. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. ఆయిల్‌కు తట్టుకోని నకిలీ రబ్బరు. కొత్తలో ఏ తేడా తెలియదు. నానిన కొద్దీ ఉబ్బుతుంది. అప్పుడు బ్రేకులు వదలకుండా రాసుకుంటూ వేడెక్కుతాయి. ఆ వేడికి ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకు అంటుకుంటుంది, బండి ఆగదు.

"ఎర్ర బండికి సుత గీ రబ్బర్ల కిట్టే ఏసినం మేడం," అన్నాడు యాదగిరి.

నేను ఫోను తీశాను.

నీలం బండి కొనడానికి వచ్చినాయన అప్పటికే ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నాడు. శామ్యూల్ గారు గొంతు తగ్గించి, "సిస్టర్, ఆయన్ని పంపించాక ఫోన్ చేద్దామా?" అన్నారు. చెడ్డవారు కారు, భయపడ్డారు. నేను అప్పటికే ప్రసన్న గారి నంబరు నొక్కుతున్నాను. అది చూసి శామ్యూల్ గారు లోపలికి వెళ్లి, బండి ఇప్పుడు అమ్మడం లేదని వచ్చినాయనతో చెప్పేశారు.

డాక్టరు గారు ఫోన్ ఎత్తలేదు. క్లినిక్‌కు చేస్తే, నాన్నగారిని తీసుకుని అనంతగిరి కొండలకు వెళ్లారని చెప్పారు. అంటే ఘాట్ రోడ్డు. యాదగిరి జీపు తీశాడు. దారి పొడవునా నంబరు నొక్కుతూనే ఉన్నాను. చేవెళ్ల ఇంకా రాకముందు ఎవరో ఎత్తారు.

"అమ్మాయి బండి నడుపుతోందమ్మా, నేను వాళ్ల నాన్నని. కొండ దిగుతున్నాం. బండి ఎందుకో బరువుగా లాగుతోంది, ఏదో కాలిన కంపు కొడుతోంది."

"సార్, బ్రేకు మీంచి కాలు తియ్యమనండి. సెకండ్ గేరు వెయ్యమనండి, తర్వాత ఫస్టు. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగమనండి. దాని తీగ వేరు, అది పనిచేస్తుంది."

ఆయన ప్రతి మాటా గట్టిగా కూతురికి చెబుతున్నారు. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది: "నాన్నా, పెడల్ లోపలికి పోతోంది, ఏమీ తగలట్లేదు!" ఒక బస్సు హారను. ఏదో గీసుకున్న చప్పుడు. లైను తెగిపోయింది.

మళ్లీ కలవలేదు. "ఏం గాదు మేడం," అన్నాడు యాదగిరి. చేవెళ్ల దాటాక ఒక అంబులెన్సు సైరను మోగిస్తూ ఎదురొచ్చి నగరం వైపు వెళ్లిపోయింది. అతను అద్దంలో దాన్నే చూస్తున్నాడు. నేను ఫస్టు గేరు, ఫస్టు గేరు అని పైకే అంటున్నానట, తర్వాత చెప్పాడు.

ఒక మలుపులో బండి కనబడింది. ఎడమ పక్కంతా కొండరాళ్లకు గీసుకుపోయి, ముందు చక్రం కాలువ బురదలో దిగి ఉంది. రోడ్డుకు అటువైపు లోయ. తండ్రీ కూతుళ్లు గట్టు మీద కూర్చున్నారు. ఆయన మోచేయి చర్మం లేచిపోయింది. ఆమె వేళ్లు ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

"ఫస్టులో పడ్డాక వేగం తగ్గింది మేడం," అన్నారామె. "ఇక బండిని కొండకేసి రాసేశాను. లోయ వైపు చూడలేదు. చూసుంటే చేతులు ఆడేవి కావు."

ఆ బండి ఇక అక్కర్లేదన్నారామె. శామ్యూల్ గారు మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత మా పద్ధతి మార్చాం. కొత్త కిట్ ఏది వచ్చినా, ముందు ఒక వాషరును బ్రేక్ ఆయిల్ సీసాలో నానబెట్టి, ఉబ్బిందేమో కొలిచేవాళ్లం. బ్రేకులు బిగించిన బండిని కొన్నాళ్లు యార్డులో ఉంచి, మళ్లీ పరీక్షించి, ఆపైన ఏటవాలు రోడ్డు మీద బ్రేకులు వేడెక్కేదాకా నడిపి చూసేవాళ్లం. అమ్మకాలు ఆలస్యమయ్యాయి. పరీక్ష నెగ్గిన బండి అంటే ఆ రోజు, ఆ రోడ్డు మీద ఆగిన బండి అని మాత్రమే అర్థం. కొనేవాళ్లకు ఆ మాట అలాగే చెప్పేదాన్ని. కొందరు విని, కొనకుండా వెళ్లిపోయారు.