నేను సరిచేసిన వరుస

శుక్రవారం. బట్టలు రెండు విడతలు, వంటగది అరలు తుడవడం, గోంగూర పచ్చడి ఒక సీసా. మూడూ అయ్యాయి. సీసా మూత బిగిస్తుంటే ఫోను వచ్చింది: పై అంతస్తు మాస్టారు పోయారు.

ఈ గల్ఫ్ ఊళ్లో, మదీనత్ ఖలీఫా పేటలో మా పైన, కూతురింట్లో, భార్యతో ఉండేవారాయన. జీవితమంతా కంప్యూటర్లతో పనిచేసి రిటైరయ్యారు. చూపు మందగించాక, మధ్యాహ్నాలు ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. సీ అనే ప్రోగ్రామింగ్ భాష నాకలా అబ్బింది.

ఆయన సరదా ఒక్కటే. ప్రోగ్రాం నడుస్తూండగానే, యంత్రానికి నేరుగా అర్థమయ్యే అంకెలను ఆ ప్రోగ్రామే మెమరీలో రాసుకుని, వాటినే నడపాలి. "రాసేటప్పుడు నడపకు, నడిపేటప్పుడు రాయకు" అనేవారు. రాత ముగిశాక మెమరీలో ఆ భాగాన్ని ఇక మార్చే వీల్లేకుండా తాళం వేయించి, అప్పుడే నడపనిచ్చేవారు. నడిచిందంటే, "ఆయ్, పలికిందమ్మాయ్!" అని బల్ల మీద దరువు.

మా చర్చి కుర్రాళ్లకు చూపించడానికి చిన్నదొకటి రాయించారు. నడిపితే ఐదు వందలు అని జవాబివ్వాలి. ఆ సంఖ్యను యంత్రం భాషలో, అక్షరాలూ అంకెలూ కలిసిన జంటలుగా చెప్పారు: "ఎఫ్ నాలుగు, సున్నా ఒకటి, సున్నా సున్నా, సున్నా సున్నా." నాకది చివరి నుంచి మొదటికి చెప్పినట్టు తోచింది. పెద్దాయన తడబడ్డారనుకుని, అడగకుండా వరుస తిప్పేశాను. ఏది అడ్డదిడ్డంగా కనిపించినా సర్దేసే చేయి నాది.

చర్చి హాల్లో తెర మీద మైనస్ ఇరవై కోట్ల పైచిలుకు వచ్చింది.

"తాతగారూ, మీ మిషన్ అప్పుల్లో మునిగిందండీ!" అన్నాడొకడు. అందరితో పాటు ఆయనా నవ్వారు.

మర్నాడు పుస్తకం తీశాను. ఆ యంత్రం సంఖ్యలోని చిన్న భాగాన్నే ముందు పెట్టుకుంటుందట. ఆయన చెప్పిందే సరి. ఆ మాట చెబుదామనే మెట్లెక్కాను.

"తప్పు చెప్పేశానమ్మాయ్. మతి తప్పుతోంది. ఇంక చాల్లే," అన్నారు.

"కాస్త విశ్రాంతి తీసుకోండి మాస్టారూ," అన్నాను. అంతే అన్నాను.

మళ్లీ ఆయన నన్ను టైపుకి పిలవలేదు. నాలుగు నెలలు గడిచాయి.

జ్ఞాపకార్థ కూడికలో, ఆ కుర్రాళ్ల ముందే, ఆయన చెప్పిన వరుసలో టైపు చేసి నడిపాను. ఐదు వందలు వచ్చింది. ఆ రోజు తప్పు నాదని చెప్పి కూర్చున్నాను.

ఆయన భార్య నా పక్కకు వచ్చారు. "ఆ రోజు నుంచీ ఫ్రిజ్ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో చీటీలు అంటించుకున్నారమ్మా. స్టవ్ ఆపానా, తలుపేశానా అని. ఒక్కటంటే ఒక్కటి మర్చిపోయింది లేదు. ముందే ఓ మాట చెప్పలేకపోయావా?"



ఇంటికొచ్చి డైరీలో, అయిన పనుల వరుసలో రాశాను: మాస్టారికి చెప్పాల్సిన నిజం, ఆయన లేని చోట చెప్పడమైంది. బాకీ చెల్లు.