పులుసు గిన్నెకు సీసం పూత

నా చిన్నప్పుడు పత్తి తీతలు మొదలయ్యాయంటే మా ఇంటి ముందుగది మాది కాదు, పత్తిది. ఆ తెల్లటి కుప్ప మీదే నేనూ మా చెల్లీ నిద్రపోయేవాళ్లం. ఆ ఏడు మాత్రం చెల్లి పగలు కూడా దిగేది కాదు. కడుపునొప్పి, వాంతులు, పాలిపోయిన ముఖం. నులిపురుగులన్నారు, దిష్టన్నారు. మా నాయనమ్మకు మనసు ఆగక, నోటికి హితవుగా ఉంటుందని రోజూ ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచి, ముద్దలు కలిపి తినిపించేది.

చెల్లికి నలత మొదలవక ముందే ఆ గిన్నెకు కళాయి పూయించారు, పులుసన్నమంటే ప్రాణమైన చెల్లికి అప్పట్నుంచీ అందులోనే కాచేవారు. పూసేవాడి దగ్గర తగరం అయిపోతే, మా తాతయ్య పాత ట్రాక్టరు బ్యాటరీలోని సీసం ఇచ్చి, ఇదీ మెరుస్తుందిగా, పుయ్యవయ్యా అన్నాడట. నిజంగానే బాగా మెరిసింది.

గుంటూరులో డిగ్రీ చదివే పక్కింటి అక్క సెలవులకొచ్చి ఈ సంగతి వింది. తెల్లకాగితంతో గిన్నె లోపల గట్టిగా రుద్దింది. కాగితం మీద పెన్సిలు గీతల్లాంటి చారలు పడ్డాయి.

"మామ్మా, పులుపుకి సీసం కరుగుద్ది, అది విషం. రేపే పిల్లని గుంటూరు తీసుకెళ్లండి."

రక్తపరీక్షలో అక్క అనుమానమే నిజమైంది. ఆ సాయంత్రం పత్తి మీద కూర్చుని, అది ఒంట్లో ఏం చేస్తుందో అక్క నాకు కథలా చెప్పింది. కంటికి కనపడని కణాల వాకిట్లోకి సీసం సున్నం వేషంలో వస్తుందట. ఎముకల్లో సున్నానికి వేసిన పీటల మీద తాను కూర్చుంటుందట. రక్తంలో ఇనుముని దాని చోట కుదురుకోనివ్వదట, చెల్లి పాలిపోయింది అందుకేనట. మెదడులో ఒక కణం పంపిన కబురు ఇంకో కణానికి చేరనివ్వదట. వింటూ వింటూ మగతలోకి జారిపోయాను. చిన్నచిన్న వాకిళ్లు, వరసగా పీటలు, కదలకుండా కూర్చున్న బూడిదరంగు చుట్టాలు కనిపించారు. కొత్త సీసం లోపలికి పోకపోతే ఉన్నది మెల్లగా బయటికి పోతుందని అక్క అంటున్నట్టు వినిపించింది.

గిన్నెను పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామన్నాడు తాతయ్య. అది నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

"వాడు ఇంకెవరికో అమ్ముతాడు. వాళ్లింట్లో పిల్లలుండరా?" అని, నాయనమ్మే గడ్డపారతో దాని అడుగు పొడిచేసింది. పొడుస్తూ ఏడ్చింది. "నా చేత్తోనే పెట్టానే!"

చెల్లి కోలుకుంది కానీ, చాలా కాలం పట్టింది. నాయనమ్మ ప్రేమ, ఆ సీసం ఒకే ముద్దలో చెల్లి నోటికి వెళ్లాయి. ఇవాళ్టికీ పిల్లలకు అన్నం కలిపేటప్పుడు అది తలపుకొచ్చి, నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.